హెచ్.పి. పెంచితే చాలదు: జైరోప్లేను నేర్పిన పాఠం

తాటాకు గిరకను పుల్లకు గుచ్చి, గాలికి ఎదురు పరుగెత్తని పిల్లవాడు పల్లెలో ఉండడు. గిరకను ఎవరూ తిప్పనక్కరలేదు. పరుగెత్తితే గాలే దాన్ని తిప్పుతుంది. ఇదే కిటుకుతో మనుషులను ఆకాశంలోకి మోసుకుపోయే యంత్రం ఒకటి ఉంది. దాని పేరు జైరోప్లేను. ఆటోజైరో అని కూడా అంటారు.

చూపుకు అది చిన్న హెలికాప్టరులా ఉంటుంది. అయితే హెలికాప్టరులో నెత్తిమీది పెద్ద పంకాను ఇంజనే తిప్పుతుంది. జైరోప్లేనులో ఎగిరేటప్పుడు ఇంజను తిప్పేది వేరే చిన్న పంకాను. నేటి జైరోప్లేనులలో అది ఎక్కువగా చోదకుని వెనుక ఉండి యంత్రాన్ని ముందుకు నెడుతుంది. అలా ముందుకు పోతుంటే, ఎదురువచ్చే గాలి కింది నుంచి పైకి దూరి పెద్ద పంకాను నిమిషానికి 300 నుంచి 400 చుట్లు తిప్పుతుంది. యంత్రాన్ని పైకి లేపేది ఆ పంకాయే. గాలి వీచని రోజున హెలికాప్టరులాగా ఇది ఆకాశంలో ఒకచోట నిలబడలేదు. కాని ఇంజను ఆగిపోయినా పెద్ద పంకా ఆగదు. నేలకు దిగేదాకా గాలి దాన్ని తిప్పుతూనే ఉంటుంది. కాస్త ఖాళీ చోటు దొరికితే చోదకుడు క్షేమంగా దించుకోవచ్చు.

కూలిన విమానం నుంచి పుట్టిన ఆలోచన

దీన్ని కనిపెట్టినవాడు స్పెయిను దేశపు ఇంజనీరు హువాన్ డి లా సియెర్వా. ఆయన తయారుచేసిన మూడు ఇంజన్ల విమానం 1919లో పరీక్షించే సమయంలో, నేలకు దగ్గరగా వేగం తగ్గిపోయి కూలింది. వేగం తగ్గినా పడిపోని యంత్రం కావాలని ఆయన పట్టుబట్టాడు. మొదట చేసిన నమూనాలు ఒక పక్కకు ఒరిగిపోయేవి. గాలికి ఎదురుపోయే రెక్క ఎక్కువగా లేపడం, వెనక్కు వచ్చే రెక్క తక్కువగా లేపడం ఇందుకు కారణం. తలుపుకు బందులున్నట్లు రెక్కల మొదట్లో కీలు పెట్టి, అవి పైకీ కిందికీ ఆడేలా చేశాడు. దాంతో ఒరగడం పోయింది. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర గెటాఫేలో యంత్రం ఎగిరింది. 1928లో ఇంగ్లీషు ఛానలు దాటింది. విధి విచిత్రమేమంటే, 1936 డిసెంబరులో సియెర్వా మరణించింది లండను దగ్గర క్రోయ్‌డన్‌లో కూలిన మామూలు ప్రయాణికుల విమానంలో.

ఇంజను బలం పెరిగిన తీరు

ఇప్పుడు జర్మనీ, ఇటలీ, స్పెయిను దేశాలలో ఇద్దరు కూర్చునే జైరోప్లేనులు తయారవుతున్నాయి. వాటిలో చాలావాటికి ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ ఇంజన్లే బిగిస్తారు. 912 రకంలో 100 హెచ్.పి. ఇంజను బాగా వాడుకలో ఉంది. టర్బో ఉన్న 914 రకం 115 హెచ్.పి. ఇస్తుంది. తరువాత వచ్చిన 915 రకం 141 హెచ్.పి., 916 రకం 160 హెచ్.పి. ఇస్తాయి.

ఇంత బలం ఎందుకంటే, ఎండ ముదిరినకొద్దీ, ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజనూ నీరసిస్తుంది, పంకాకూ పట్టు తగ్గుతుంది. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు ఉంటే లేవడం కష్టమవుతుంది. టర్బో గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది కాబట్టి ఎత్తులో కూడా బలం నిలుస్తుంది.

అయితే పెరిగిన బలం ఎక్కువగా పైకెక్కడానికే పనికివస్తుంది. పెద్ద పంకాకు గాలి అడ్డు ఎక్కువ కనుక వేగం ఆ లెక్కన పెరగదు. బ్రిటను చోదకుడు కెన్ వాలిస్ తన 86 ఏళ్ళ వయసులో, 2002లో, గంటకు 207.7 కి.మీ. వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మామూలుగా ఈ యంత్రాలు అంతకంటే బాగా తక్కువ వేగంతోనే పోతాయి. అలాగని మరీ నెమ్మదిగా పోతే తక్కువ బలం చాలుననుకోవడం పొరపాటు. ఒక హద్దు కన్నా వేగం తగ్గితే గాలిలో నిలవడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి.

ట్రాక్టరు చెప్పే నిజం

ట్రాక్టరుకు బరువును తక్కువ ఎత్తులో కట్టి లాగితే ఇబ్బంది లేదు. అదే గొలుసును ఎత్తున తగిలిస్తే ముందు చక్రాలు లేస్తాయి. ఇంజను ఎంత బలమైనదైతే ముప్పు అంత ఎక్కువ. జైరోప్లేనులోనూ అంతే. వెనుక పంకా నెట్టే గీత, యంత్రపు బరువు కుదురుకునే చోటుకు, అంటే గరిమనాభికి, పైగా పోతే ముక్కు కిందికి వంగజూస్తుంది. పెద్ద పంకా పైకి లాగుతున్నంతసేపే అది అదుపులో ఉంటుంది. గాలి కుదుపు వల్లగాని, చోదకుడు కర్రను గబాలున ముందుకు తోయడం వల్లగాని ఆ లాగుడు పోతే, యంత్రం క్షణాలలో తలకిందులవుతుంది. తప్పించుకునే వ్యవధి ఉండదు.

బ్రిటనులో వరుసగా కొందరు ఇలా ప్రాణాలు కోల్పోయాక, 1990 దశకంలో అక్కడి విమానయాన శాఖ గ్లాస్గో విశ్వవిద్యాలయానికి పరిశోధన అప్పగించింది. జైరోప్లేనుకు కొలత పరికరాలు బిగించి ఎగురవేసి లెక్కలు తీశారు. నెట్టే గీత గరిమనాభికి రెండు అంగుళాల లోపల ఉండడం మేలని తేల్చారు.

మోటారు మార్చినంత తేలిక కాదు

అందుకే ఇంజను మార్చాక బాధ్యత తెలిసినవారు నేరుగా ఎగరరు. ముందుగా జైరోప్లేనును పెద్ద పంకా బోల్టు దగ్గర పట్టి, కాటాకు బస్తా వేలాడదీసినట్లు వేలాడదీస్తారు. ముక్కు ఎంత వంగిందో కొలుస్తారు. కొత్త ఇంజను బరువు కుదురును మార్చిందేమో అక్కడే తెలుస్తుంది. తరువాత నేలమీద ఇంజనును పూర్తి బలంతో నడిపి వేడి, చమురు ఒత్తిడి చూస్తారు. ఆపైన దారిమీద పరుగులు, కొద్దిపాటి ఎత్తులు. చివరికి ఆకాశంలో గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నదో రాసుకుంటారు. క్షేమమైన ఎత్తులో ఇంజను బలం ఒక్కసారిగా తగ్గించి ముక్కు ఎటు పోతున్నదో గమనిస్తారు. చిన్న కుదుపు ఇచ్చి, ఊగుడు తనంత తాను సద్దుమణుగుతున్నదా, పెరుగుతున్నదా అని చూస్తారు. పెరిగితే దిగివచ్చి తోక రెక్కనో, ఇంజను ఎత్తునో సరిచేస్తారు.

బావి దగ్గర 5 హెచ్.పి. మోటారు తీసి 10 హెచ్.పి. మోటారు పెడితే, పాత పైపు తట్టుకోకపోతే పగిలేది పైపే. ఆకాశంలో అలాంటి లెక్క తప్పితే పోయేది మనిషి ప్రాణం. సియెర్వా కోరుకున్న క్షేమం గిరకలాగా తిరిగే ఆ పెద్ద పంకాలో నేటికీ ఉంది. దాన్ని నిలుపుకోవడం మాత్రం బిగించేవాడి కొలతలోనూ, ఎగరేవాడి ఓపికలోనూ ఉంది.