మీకు తెలుసా? తొలి ర్యాప్ హిట్ వెనుక ఓ గాయని!

హార్లెమ్‌లో పుట్టిన సిల్వియా రాబిన్సన్ 1950లో, ఇంకా బడి వయసులోనే, ‘లిటిల్ సిల్వియా’ పేరుతో రిథమ్ అండ్ బ్లూస్ పాటలు రికార్డు చేశారు. మిక్కీ బేకర్‌తో పాడిన ‘లవ్ ఈజ్ స్ట్రేంజ్’ 1957లో పెద్ద హిట్.

ఆమె అసలు గొప్పతనం నిర్మాతగా! 1979లో న్యూజెర్సీలోని ఓ పిజ్జా షాపులో పనిచేసే కుర్రాడి చేత కారులోనే పాడించి చూశారు. మరో ఇద్దర్ని కలిపి, 14 నిమిషాలు దాటిన ‘రాపర్స్ డిలైట్’ తీశారు. అమెరికా టాప్ 40లో చేరిన మొదటి ర్యాప్ పాట అదే.

పేదపేటల గోడు చెప్పే ‘ద మెసేజ్’ (1982) దాన్ని పాడాల్సిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ర్యాప్ బృందానికి మొదట నచ్చలేదు. సిల్వియా పట్టుబట్టి చేయించారు. 2002లో అమెరికా జాతీయ రికార్డింగుల రిజిస్ట్రీలోకి ఎక్కిన తొలి హిప్‌హాప్ పాట అదే. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం 2022లో గానీ ఆమెను గౌరవించలేదు. అప్పటికి ఆమె కన్నుమూసి 11 ఏళ్లు!