తల్లి కలత, బిడ్డ పలకరింపు

గర్భిణి మనసు చాలాకాలం కలతగా ఉంటే, ఒత్తిడికి స్పందనగా అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో పెరగవచ్చు. మాయలోని ఒక ఎంజైము దానిలో చాలా భాగాన్ని నిర్వీర్యం చేసి శిశువును కాపాడుతున్నా, ఒత్తిడి తీవ్రమైతే ఆ రక్షణ సన్నగిల్లవచ్చు.

ప్రసవం తరువాతా ఆందోళన కొనసాగితే, బిడ్డ నవ్వుకు నవ్వుతో, కేరింతకు పలకరింపుతో బదులిచ్చే తల్లి స్పందన మందగించే అవకాశం ఉంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత కీలకమో ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం 1978లో ప్రచురించిన ‘నిశ్చల ముఖ’ ప్రయోగం చూపింది: తల్లి ఏ భావమూ లేకుండా కూర్చోగానే, శిశువులు మొదట ఆమెను పలకరించబోయి, ఫలించక ముఖం తిప్పుకున్నారు.

అయితే ఇది తలరాత కాదు. గర్భిణికి రక్తపోటు చూసినట్లే మనసు స్థితినీ అడిగి తెలుసుకోవడం, ఇంటిపనిని కుటుంబమంతా పంచుకోవడం తల్లీబిడ్డలిద్దరికీ మేలు.