త్రేతాగ్నుల పెట్టె

ఆదోని యార్డునకు పత్తి బండ్లు దిగు దినములలో ఆ పట్టణపు గాలియందు దూది నూగు తేలియాడుచుండును. జిన్నింగు మిల్లుల రేకుల క్రింద, దూలముల మీద, కరెంటు తీగెల వెంబడి అది తెల్లగా పేరుకొనును. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘముచే పేరు గాంచిన పొరుగు పట్టణము ఎమ్మిగనూరునకు నూలు చిరకాలపు జీవనాధారము. ఇట్టి సీమలో వెల్డింగు షెడ్డు నడుపుట యనగా దూది ప్రక్కనే నిప్పు నుంచుకొనుట. అయినను ట్రాలీ ఇరుసు పగిలినను, గొర్రు కర్రు అరిగినను, మిల్లు యంత్రపు చట్రము వంగినను, రైతు గాని మేస్త్రీ గాని పరుగెత్తునది ఆ షెడ్డునకే.

ఇప్పుడా షెడ్లలోనికి వచ్చుచున్న క్రొత్త యంత్రము ఒక మనిషి మోయదగినంత పెట్టె; కాని దానిలో మూడు విధముల వెల్డింగు ఇమిడియున్నది, ఆ మూటికిని వేర్వేరు జన్మకథలు కలవు. మేస్త్రీలు ఆర్కు అను విద్యుచ్చాపముతో లోహమును అతుకు పద్ధతికి 1885లో బ్రిటిషు పేటెంటు పొందినవారు రష్యా సామ్రాజ్యమునకు చెందిన బెనార్దోస్, ఒల్షెవ్‌స్కీ. వారి చాపము బొగ్గు కడ్డీ కొనను వెలిగెను. మూడేండ్లకు స్లావ్యానొవ్ బొగ్గునకు బదులు లోహపు కడ్డీని నిలిపి, అదియే కరగి అతుకులో కలియునట్లు చేసెను. కరగిన ఇనుము గాలిలోని ఆక్సిజనును, నైట్రోజనును పీల్చి పెళుసుబారుచుండగా, స్వీడనులో ఓడల బాయిలర్ల మరమ్మతును ఎరిగిన ఆస్కార్ షెల్‌బెర్గ్, 1904లో ఎసాబ్ సంస్థను స్థాపించినవాడు, కడ్డీకి పూత పూసి, ఆ పూత కాలగా వచ్చు వాయువును, పైకి తేలు చిట్టెమును అతుకునకు కవచముగా నిలిపెను. మన మేస్త్రీలు నేటికిని సుత్తితో కొట్టి రాల్చు చిట్టెము ఆ కవచమే; వారు రాడ్డు వెల్డింగు అనునది ఇదియే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలోని నార్త్‌రప్ విమాన కర్మాగారమునందు రసెల్ మెరిడిత్, మెగ్నీషియమును అతుకుటకై, కరగని టంగ్‌స్టన్ మొన చుట్టును హీలియము ప్రవహింపజేసెను, అది టిగ్. 1948లో బాటెల్ సంస్థయందు తీగెనే ఎడతెగక ముందుకు త్రోయుచు దానిని వాయువుతో కప్పు పద్ధతి కుదిరెను, అది మిగ్. చౌకయైన కార్బన్ డయాక్సైడు 1953 తరువాత దానిని ఇనుప పనికి దగ్గర చేసినది.

ఈ మూటిని ఒకచోట చేర్చినది ఇన్వర్టరు. రాడ్డునకును టిగ్‌కును కరెంటు నిలకడగా నుండవలెను, మిగ్‌కు వోల్టేజి నిలకడగా నుండవలెను. సెకనుకు వేలకొలది మార్లు కరెంటును త్రిప్పు ఎలక్ట్రానిక్ పలక ఒక మీటతో ఏ స్వభావమునైనను ధరింపగలదు. ట్రాన్స్‌ఫార్మరులోని బరువైన ఇనుప గర్భము చిన్నదగుటయు అందుచేతనే.

పూర్వులు త్రేతాగ్నులను వేర్వేరు కుండములలో నిలిపిరి. ఇచ్చట మూడగ్నులకును కుండమొక్కటే. నలుగురు కలిసి వాడు షెడ్డునందు ప్రమాదబీజము ఇచ్చటనే యున్నదని నా దృఢాభిప్రాయము. మిగ్ గన్నునకు ట్రిగ్గరు నొక్కినపుడే కరెంటు వచ్చును, వదలినచో పోవును. ఆ అలవాటు పడిన కుర్రవాడు, తనకు ముందు పనిచేసినవాడు మీటను రాడ్డు మీదికి త్రిప్పి పోయిన సంగతి ఎరుగక, రాడ్డు పట్టు హోల్డరును ఎర్త్ తగిలించిన ఇనుప బల్లపై పడవేసెనా, తక్షణమే చాపము లేచును; హోల్డరునకు ట్రిగ్గరు లేదు, అది ఎల్లప్పుడును కరెంటుతోనే యుండును. కొన్ని యంత్రములలో గన్నును, హోల్డరును రెండింటిని తగిలించియుంచినచో, వాడనిదానికిని కరెంటు పారును. ఖాళీగా నున్నపుడు 80 వోల్టుల వరకు నుండు ఆ ఒత్తిడి పొడి చేతికి స్వల్పముగా తోచినను, వైశాఖపు ఎండలో చెమటతో తడిసినవానికి ప్రాణాంతకము కావచ్చును. కావున "అన్నా, మిషను రాడ్డు మీదుందా, మిగ్గు మీదుందా?" అను ప్రశ్న హోల్డరు ముట్టుటకు ముందే రావలెను, పని ముగించినవాడు యంత్రము నాపి, వాడని కేబులు ఊడదీసి పోవలెను. ఎర్త్ క్లాంపును అతుకు ప్రక్కనే బిగింపవలెను. ట్రాలీ తొట్టికి తగిలించి ఇరుసుపై వెల్డింగు చేసినచో, కరెంటు బేరింగుల గుండా దారి వెదకికొని గుండ్లపై గుంటలు పడజేయవచ్చును.

చాపపు అతినీలలోహిత కిరణములకు, నల్ల అద్దము ధరించిన మేస్త్రీకంటె, ప్రక్కన డ్రిల్లు పట్టిన కుర్రవాడే ఎక్కువగా బలియగుచుండుట నన్ను కలతపెట్టు విషయము. నొప్పి అప్పటికప్పుడు రాదు. కొన్ని గంటల తరువాత, నడిరాత్రి, కండ్లలో ఇసుక పోసినట్లు మంట లేచును. పొగ తక్కువగు టిగ్ చాపము మరింత స్వచ్ఛముగా వెలుగును. దానికి చుట్టును పరదా తప్పనిసరి. జింకు పూత గల జీఐ పైపును అతుకునపుడు లేచు తెల్లని జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరము రావచ్చును గనుక, అట్టి పని ఆరుబయట గాలికి ఎదురు నిలువక చేయవలెను.

ఇక నిప్పురవ్వ సుమారు పది మీటర్ల దూరము ఎగురగలదు. దూది మంట పుట్టకయే లోలోన రాజుకొనును. బేళ్ల దొంతరలో పడిన రవ్వ చాలసేపటి వరకు పొగచూపకపోవచ్చును. మిల్లులో వెల్డింగు జరుగునపుడు ముందుగా నూగు నూడ్చి, బేళ్లను దూరముగా జరుపవలెను. పని ముగిసిన పిమ్మట కనీసము ఒక గంటసేపు నీటి బకెట్లతో మనిషిని కావలి యుంచవలెను. ఆ గంట కూలిని వెల్డింగు బిల్లులోనే వేయుట న్యాయము. మిల్లు యజమాని దానికి బేరమాడరాదు.