బరి పక్కనే జూదానికి ఓనమాలు

భీమవరం: సంక్రాంతి మూడు రోజులూ పశ్చిమగోదావరిలో కోడిపందాల బరుల వద్ద ఇసుక వేస్తే రాలనంత జనం. తండ్రుల భుజాలెక్కి పిల్లలూ వస్తారు. వాళ్లు చూసేది కోళ్లను ఒక్కటే కాదు. బరి పక్కనే గుండాట బల్లలు, ఆ పక్కన పేకాట. ‘పండగ గదా, ఒక్కసారి కాయి’ అంటూ మనవడి చేతిలో పది నోటు పెట్టే తాతలూ అక్కడ కనిపిస్తారు. జూదానికి ఓనమాలు దిద్దించేది చాలా ఇళ్లలో పెద్దలే కావడం విచారకరం.

ఇవన్నీ 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరాలే. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందాలను ఆపమని గట్టిగా ఆదేశించినా మరుసటి నెలలోనే బరులు లేచాయి. చట్టం మాట అటుంచి, మూడునాళ్ల ముచ్చటగా పోయేదైతే ఇంత దిగులు అక్కరలేదు. బరి వద్ద మరిగిన చెయ్యి ఇప్పుడు సెల్‌ఫోన్‌ను వెతుక్కుంటున్నది. పండగకు కనుమతో తెర పడుతుంది. ఫోను అర్ధరాత్రి దుప్పటి కింద కూడా తెరిచే వుంటుంది.

సగం తీర్పు

రమ్మీ తెలివితేటల ఆట గాని జూదం కాదని కుర్రకారు వాదన. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు ఆ మాట అన్నది నిజమే. అయితే ఆట నడిపేవారు దానిపై లాభం గుంజితే నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో వుంది. ఆ సగాన్ని ఎవరూ చెప్పరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపాయి. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లు మాత్రం పేర్లు మార్చుకుని కుర్రవాళ్లను చేరుతూనే వున్నాయి.

మొదట కొంచెం గెలుపు. తరువాత నష్టం. పోయినది రాబట్టుకోవాలన్న ఆరాటంలో స్నేహితుల వద్ద చేబదులు, ఆపైన లోన్ యాప్, చివరకు తల్లి గాజులు తాకట్టు కొట్టుకు. ‘వెంట్రుకవాసిలో తప్పింది’ అనిపించే ఓటమి మళ్లీ ఆడించడంలో గెలుపుకు ఏమీ తీసిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యసన రోగాల జాబితాలో చేర్చింది.

తెలిసిన నాడు ఇంట్లో జరిగేది రెండే: తన్నడం, లేదా పరువు పోతుందని గుట్టుగా అర ఎకరం అమ్మి అప్పు తీర్చడం. తన్నులకు భయపడ్డవాడు తరువాతి అప్పును మరింత లోతుగా దాస్తాడు. గుట్టుగా తీరిన అప్పు మళ్లీ పుడుతుంది. అప్పులన్నీ కాగితం మీద రాయించి, కొన్నాళ్లు వాని ఫోన్‌లో డబ్బు చెల్లింపులు ఆపించి, డాక్టరుకు చూపడం మేలు. టెలి మానస్ 14416 నెంబరులో తెలుగులోనే, రాత్రీ పగలూ, ఉచితంగా సలహా దొరుకుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930.

పాచికతో పాఠం

ముందే అడ్డుకట్ట వేయడానికి హైస్కూలు లెక్కల మాస్టారికి ఒక్క పాచిక చాలు. గెలిస్తే పెట్టిన పదితో కలిపి 50 చేతికి వస్తాయనుకుని, పిల్లవాడు ఒకే అంకె మీద ఉత్తుత్తి పది రూపాయల చొప్పున 60 సార్లు కాయాలి. పెట్టినది 600. ఆ అంకె సగటున పడేది పదిసార్లు, వచ్చేది 500. తరగతిలో కొందరు లాభంలో వుంటారు, వాళ్లే గట్టిగా కేకలు వేస్తారు. తరగతి లెక్క మొత్తం నల్లబల్లపై కూడి చూపితే ఆ కేకల విలువ తెలుస్తుంది. సంక్రాంతి సెలవులకు ముందు వారంలో ఒక్క పీరియడు పని.