చిత్తులో దొరికిన రఫ్

'రఫ్' అనే ఇంగ్లిషు మాట మీద ముఖచిత్ర కథనం కావాలని శుక్రవారం ఎడిటర్ గారు చెప్పారు. బుధవారం ఉదయానికల్లా పేజీలు వెళ్లిపోవాలి. పాత నిఘంటువుల కోసం ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లాను. షట్టర్లు దించిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచే రోజది. నిఘంటువు దొరికింది. దాని కింద అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి ఉంది.

"రఫ్ కాపీ హై సాబ్, రద్దీ మే జాతీ" అన్నాడు అమ్మే పెద్దాయన. పది రూపాయలకు ఇచ్చేశాడు.

బుధవారం దాకా నిఘంటువు కంటే దాన్నే ఎక్కువసార్లు తిరగేశాను. పేరు లేదు. లెక్కల్ని బట్టి పదో తరగతి. ఒక వర్గ సమీకరణం మూడుసార్లు మొదలై మూడుసార్లూ కొట్టివేతల్లో మునిగిపోయింది. నాలుగోసారి జవాబు చుట్టూ పెన్ను కాగితంలోకి దిగేలా సున్నా చుట్టారు. పక్కనే వేరే చేతిరాతలో "లంచ్‌కి ఏం తెచ్చినవ్‌రా?" అని ఉంది. దాని కింద ఒకటే మాట, "పులిహోర". చివరి పేజీల్లో చుక్కలాట, అక్షరాలు విప్పలేని ఒకే సంతకం పంతొమ్మిదిసార్లు.

నన్ను కట్టిపడేసింది సెలవు చీటీ. ముందు "జ్వరం వచ్చినందున" అని రాసి కొట్టేశాడు. పైన "అక్క పెళ్లి" అని రాసి అదీ కొట్టేశాడు. మూడో కారణం రాయనే లేదు. సాపు చేసి ఇచ్చిన చీటీలో టీచరుకు ఒక్క కారణమే కనిపించి ఉంటుంది. ఆ పిల్లవాడు ఎలా ఆలోచించాడో మాత్రం ఇక్కడే ఉంది.

తప్పు రాసినా ఎవరూ మార్కులు కొయ్యని చోటు. మన బడుల్లో 'రఫ్' అంటే ఇదే. గరుకు, మొరటు, ఎగుడుదిగుడు, ఉజ్జాయింపు అని అర్థాలిచ్చే నిఘంటువుల్లో ఈ వెసులుబాటు కనిపించదు.

ఇంగ్లిషులో కథ పాతది. ప్రాచీన ఇంగ్లిషులో ఇది 'రూహ్'. చివర గొంతులో రాసుకునే హకారం ఉండేది. పలుకుబడిలో అది 'ఫ్' అయింది, స్పెల్లింగు మాత్రం పాతదే నిలిచిపోయింది. మన బడి పిల్లలు 'త్రూ', 'దో' పక్కన 'రఫ్' చదివి తికమకపడేది అందుకే. 1850ల్లో మద్రాసులో బ్రౌన్ నిఘంటువులు అచ్చయ్యేనాటికి ఈ మాటకు తెలుగులో మాటలు కావలసినన్ని ఉన్నాయి.

వాటిలో నాకిష్టమైనది చిత్తు. చిత్తు ప్రతి, సాపు ప్రతి అని మన పెద్దలు జంటగా అనేవారు. ఇప్పుడది రఫ్, ఫెయిర్ అయింది. అయితే కుస్తీలో వెల్లకిలా పడేస్తే అదీ చిత్తు చేయడమే. ఎవర్నైనా చితగ్గొడితే 'రఫ్ఫాడించాడు' అంటాం. కొట్టివేతల కాగితానికీ ఓటమికీ తెలుగులో ఒకే మాట ఉండేది. రఫ్ వచ్చి ఆ రెండు చోట్లా కూర్చుంది. ఈ పోలిక ఎవరూ పనిగట్టుకుని కల్పించింది కాదు. అందుకే నాకది అంత ముద్దుగా తోస్తుంది.

కొట్లో రఫ్

నాంపల్లి స్టేషన్ దగ్గర హార్డ్‌వేర్ కొట్లో ఉప్పు కాగితం అడిగితే "ఎంత నంబరు?" అన్నారు. 60, 80 అయితే బాగా గరుకు. 220 వేలికి మెత్తగా తగులుతుంది. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. షాబాదు బండల్లోనూ రఫ్ వేరు, పాలిష్ వేరు. వాన నీళ్లు పడే వాకిలికి రఫ్ బండే వేయించుకోవాలి, కాలు జారదు.

వ్యాకరణంలో రఫ్

1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు నడిచింది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే. అక్కడ చదువుకున్నవారికి 'పరుషం', అంటే గరుకు, కొత్త కాదు. క, చ, ట, త, ప పరుషాలు, గ, జ, డ, ద, బ సరళాలు. 'పూచెను' పక్కకు చేరగానే 'కలువలు' మెత్తబడి 'గలువలు' అవుతాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. గరుకును మెత్తన చేసే సూత్రాలు అందులో ఉన్నాయి.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంచుకున్నాను. మీ ఇంట్లో బడి పిల్లలుంటే, ఏడాది చివర చిత్తు కాగితాలవాడికి వేసేముందు వాళ్ల రఫ్ పుస్తకం ఒక్కసారి తిరగేసి చూడండి.