పరాయి నేలపై మన సిపాయీల ఖబర్లు

యేటా నవంబరు రెండో ఆదివారం బ్రిటన్‌లో యుద్ధమృతులను స్మరించుకుంటారు. ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఎర్రని గసగసాల పూల దండలు ఉంచుతారు. అక్కడి బ్రూక్‌వుడ్ సైనిక సమాధి స్థలంలో మన దేశపు ముస్లిం సిపాయీలు కూడా ఉన్నారని మనలో ఎందరికి తెలుసు?

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) ఫ్రాన్సులో గాయపడిన మన సిపాయీలను ఇంగ్లండు ఆసుపత్రులకు తరలించారు. చనిపోయిన ముస్లింలకు ధర్మం ప్రకారం ఖననం జరగడం లేదని జర్మనీ ప్రచారం సాగించింది. దానికి జవాబుగా బ్రిటిష్ ప్రభుత్వం వోకింగ్‌లో షాజహాన్ మసీదుకు దగ్గరగా ప్రత్యేక ఖబ్రస్తాన్ కట్టించింది. 1917లో అది పూర్తయింది. కాలక్రమంలో పాడుబడింది. 1960ల చివర ఖబర్లను బ్రూక్‌వుడ్‌కు మార్చారు. పాత చోట 2015లో శాంతివనం వెలిసింది. 27 మంది సిపాయీల గుర్తుగా 27 భూర్జ వృక్షాలు నాటారు.

పరాయి సామ్రాజ్యం కోసం, అందునా ఉస్మానియా ఖిలాఫత్‌కు ఎదురు పక్షాన పోరాడినవారిని మనమెందుకు తలచుకోవాలని కొందరు అడగవచ్చు. వారిలో పొట్టకూటి కోసం సైన్యంలో చేరిన రైతుబిడ్డలెందరో! నియ్యత్‌ల లెక్క అల్లాహ్‌కు తెలుసు. తీర్పు మన పని కాదు. ఒక యూదుని జనాజా వెళుతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అతడూ ఒక ప్రాణి కాదా అన్నారు. మరి వీరు మన కలిమా చదివినవారు!

మౌనం వారి పద్ధతి, దుఆ మన పద్ధతి. ఈ జుమా నాడు మన పెద్దల ఖబర్ల వద్ద చేతులెత్తినప్పుడు, అయినవారెవరూ చేరలేకపోయిన ఆ ఖబర్లకూ మగ్‌ఫిరత్ కోరుదాం. ఆమీన్.