లక్కగాజులు – ఆంగ్లపాఠము

నేను హైదరాబాదు పాతబస్తీలో ఉన్నత పాఠశాల పిల్లలకు ఆంగ్లము బోధించువాడను. సరోజినీ నాయుడుగారు ఈ నగరపు అంగళ్లపై రచించిన గీతమును చెప్పుచుండగా నొక బాలిక లేచి, “సారూ, తలపాగాలు, నగలు, పండ్లు, పూలు అన్నియు నున్నవి, మన లాడ్‌బజారు గాజులేవి?” అని యడిగెను. పాఠ్యపుస్తకమున నుత్తరము లేదు. నాకును తోచలేదు.

పూర్వగ్రంథముల పుటలను ఛాయాచిత్రములుగా తీసి, కంప్యూటరు ద్వారా నెల్లరకు ఉచితముగా చూపు భాండాగారములు నేడు కలవు. ఇంటర్నెట్ ఆర్కైవు అట్టిది. అందు 1912లో లండనున అచ్చయిన ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’ను తెఱచి తరగతి గోడపై చూపితిని. అంగళ్ల గీతము ముగియగానే గాజులమ్మువారి గీతము! కన్నెపిల్లకొక వన్నె, పెండ్లికూతురికొక వన్నె. పాఠ్యపుస్తకమువారు ఒక్క గీతమునే యేరి యిచ్చిరి. మీ గ్రామ పాఠశాలలో నొక్క కంప్యూటరున్నను ఈ పని సాగును.

ఒక్క జాగ్రత్త. యంత్రము తానే అక్షరములు పోల్చి వ్రాసిన ప్రతిలో తప్పులుండును, ఛాయాచిత్రముతో సరిచూడవలెను. తప్పులు పట్టుటలో పిల్లలకెంత యుత్సాహమో!

మరునాడా బాలిక, బొగ్గుల వేడిమిపై లక్కను మెత్తపఱచి గాజు చేయు విధమును ఆంగ్లమున వ్రాసి తెచ్చెను. లక్కకు మాత్రము మాట దొరకలేదట. “‘లాక్’ అని వ్రాయుము, అది మన దేశమునుండి వారికి పోయిన మాటయే” అంటిని.